పొగబండికి ప్రాణప్రతిష్ఠ

మీ ఇంట్లో అయిదారేళ్ల పిల్లవాడి చేతికి కాగితమూ పెన్సిలూ ఇచ్చి రైలుబండి బొమ్మ వెయ్యమనండి. ముందు ఒక పొడుగాటి పెట్టె గీస్తాడు. దాని నెత్తిన ఒక గొట్టం నిలబెడతాడు. ఆ గొట్టంలోంచి సుళ్లు సుళ్లుగా పొగ వదులుతాడు. వాడు పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి చూసింది కరెంటు రైలే. మన దేశపు పెద్ద లైను మీద రోజువారీ ఆవిరిబండి 1995 డిసెంబరులోనే ఆగిపోయింది. వాడి తండ్రికైనా అది సరిగా జ్ఞాపకం వుండదు. అయినా వాడి లెక్కలో రైలంటే పొగబండే!

ఆ పొగబండి జాడ ఎక్కడైనా మిగిలిందా, మిగిలితే దానికి మళ్లీ ఊపిరి పోసేవారు ఎవరైనా వున్నారా అన్న ఆలోచన నన్ను చాలాకాలంగా వదలలేదు. చూసి రావడానికి పాలమూరు దారి కంటె మంచిది నాకు కనిపించలేదు. పాలమూరంటే మహబూబ్‌నగరమే. కాగితాల మీద ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ పేరు నిలిచింది గాని, జనం నోట పాలమూరే నిలిచింది.

ప్రయాణం కాచిగూడలో మొదలవుతుంది. 1916 నాటి ఆ స్టేషను బురుజులూ కమానులూ చూస్తే రైలెక్కడానికి వచ్చామా, ఏ నవాబుగారి విందుకు వచ్చామా అని ఒక్క క్షణం అనుమానం కలుగుతుంది. 2023 సెప్టెంబరు నుంచి ఇక్కడినించి బెంగుళూరు వైపు వందే భారత్ బండి నడుస్తోంది. అది పాలమూరునూ కర్నూలునూ రెప్పపాటులో దాటించేస్తుంది. నాకు కావలసింది ఊరూరా ఆగే బండి గనక పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

పాఠకులకు ఇక్కడ కొంచెం పాతకథ చెప్పాలి. నిజాము రైల్వే మొదటి లైను 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు వచ్చింది. తరవాత అది తూర్పుకు సాగి, భువనగిరి ఏకశిల కొండ నీడన నల్గొండ సీమలో ప్రవేశించి, ఆలేరు, ఓరుగల్లుల మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. అది పెద్ద లైను. పట్టాల మధ్య దూరం అయిదడుగుల ఆరంగుళాలు. పాలమూరుకు వచ్చింది మాత్రం చిన్న లైను, మీటరు గేజీ. మూడడుగుల మూడంగుళాల పైచిలుకు అంతే. పొరుగునే వున్న రెండు జిల్లాల్లో ఒకదానికి పెద్దబండి, మరొకదానికి చిన్నబండి! నల్గొండ పట్నం సంగతి మరీ విచిత్రం. బీబీనగరు దగ్గర చీలి నడికుడి పోయే లైను వేసేదాకా, అంటే 1980లదాకా, జిల్లాకు ముఖ్యపట్నమై వుండి కూడా అది రైలు మొహం ఎరగదు.

బండి ఫలక్‌నుమా దాటి, ఉందానగరు దాటి, షాద్‌నగరు వైపు ఎక్కుతోంది. ఎక్కుతోందని ఎందుకన్నానంటే, ఇది మెట్టసీమ. ఎర్ర చెలకలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న గుండ్లు, ఆముదపు చేలు, అక్కడక్కడ ఎండిన కుంటలు. ఈ నేల నీటికి మొహం వాచి, తన బిడ్డలను దేశం మీదికి పంపింది. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు కూలీ తట్ట ఎత్తాడు. ఆ మనుషులు మూటాముల్లే కట్టుకుని, చంకన పిల్లలతో బతుకుదెరువుకు బయలుదేరింది ఈ చిన్నబండి మీదనే. తిరునాళ్లకు వెళ్లినవారికి పొగబండి ముచ్చట. వలస వెళ్లినవారికి అది కన్నీటి ముచ్చట.

షాద్‌నగరులో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చలు. మాటా మాటా కలిసింది. ఆయన పడుచుతనంలో ఇదే లైను మీద ఆవిరి ఇంజనులో ఫైర్‌మన్‌గా పనిచేశాడట! వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే కాబోలు.

"బొగ్గు ఎయ్యడం కష్టమా పెద్దాయనా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "ఎయ్యడం ఎవడన్న ఏస్తడు సార్. ఏడ ఎయ్యాలె, ఎంత ఎయ్యాలె, ఎప్పుడు ఎయ్యాలె – గది ఇద్దె. కుప్ప పోసినవంటె నల్లపొగ లేస్తది, ఆవిరి పడిపోతది. సన్నగ, పలచగ, మూల మూలకు చల్లాలె. మంట తెల్లగ ఉండాలె, పొగ కండ్లకు కనవడి కనవడనట్టుండాలె."

చూశారా! పిల్లల బొమ్మల్లో అందంగా వుండే నల్లపొగ ఫైర్‌మన్‌కు అప్రదిష్ట అన్నమాట. బొగ్గు వృథా అయిందని అది ఊరందరికీ చాటుతుంది.

ఆయనే మళ్లీ చెప్పాడు. "ఇంజను మాట్లాడ్తది సార్. ఎక్కుడు మీద ఒక తీరు, దిగుడు మీద ఒక తీరు. కండ్లు మూసుకున్నా ఏడికొచ్చినమో చెప్తుంటి. నీళ్ల అద్దం మీదకెల్లి మాత్రం సూపు తియ్యొద్దు. అండ్ల నీళ్లు కనవడకుంటె పానం పోయినట్టె."

ఈ నీళ్ల అద్దం సంగతి ఇంటి పొయ్యి ఎరిగిన ప్రతి ఇల్లాలికీ తెలుస్తుంది. అడుగున మంట వుండి గిన్నెలో నీళ్లు ఇగిరిపోతే గిన్నె మాడుతుంది. ఇంజనులో నిప్పుపెట్టె పైకప్పును ఎప్పుడూ నీళ్లు కప్పి వుంచాలి. ఆ నీరు దిగితే ఇనుము మెత్తబడి, లోపలి ఒత్తిడికి బద్దలవుతుంది. అందుకని ఆ కప్పులో ముందుగానే ఒక సీసపు బిరడా బిగిస్తారు. నీళ్లు తగ్గితే ఇనుము కంటె ముందు సీసం కరిగి, ఆవిరి నిప్పు మీద పడి, ప్రమాదం వచ్చిందని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికదాకా రానిచ్చిన ఫైర్‌మన్‌కు చీవాట్లు తప్పవు.

"ఇదంతా ఎవరైనా వచ్చి అడిగి రాసుకున్నారా?" అన్నాను.

"ఎవరడుగుతరు సార్? మా మనుమడు ఫోనుల ఇంజను బొమ్మ సూపించి, తాతా గిదేనా అంటడు. అవునంట. గంతే."

ఆయన జడ్చర్లలో దిగిపోయాడు. ఆ 'గంతే' మాత్రం నాతో అలంపురందాకా వచ్చింది.

జడ్చర్ల దాటగానే కిటికీలోంచి నేను ఒక వంతెన కోసం చూశాను. 1956 సెప్టెంబరు 2న జడ్చర్లకూ మహబూబ్‌నగరుకూ మధ్య వంతెన కూలి రైలు వాగులో పడింది. నూరుమందికి పైగా మరణించారు. అప్పటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు నైతిక బాధ్యత తనదేనని రాజీనామా సమర్పించారు, నెహ్రూగారు ఒప్పుకోలేదు. అదే ఏడు నవంబరులో తమిళదేశంలోని అరియలూరు దగ్గర మరో ఘోరం జరిగాక ఆయన రాజీనామా ఆమోదం పొందింది. పాత రైలు కథలన్నీ తియ్యనివి కావు. పొగబండిని ప్రేమించేవారు ఈ వాగును కూడా జ్ఞాపకం వుంచుకోవాలి. ఆవిరి ఇంజనుకు తిరిగి ప్రాణం పోసే పనిలో సరదా కంటె ముందు జాగ్రత్త వుండవలసింది ఇందుకే.

పాలమూరులో దిగినవారు పిల్లలమర్రి చూడకుండా రారు. నేనూ వెళ్లాను. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే ఆ మర్రికి చెదపట్టి, 2017 చివర ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. 2018లో అటవీశాఖవారు ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి, కొమ్మ కొమ్మకూ మందు ఎక్కించారు. ఒరిగిన కొమ్మల కింద ఊతలు కట్టారు. చెట్టును చూస్తూ అనుకున్నాను: ప్రాణం వున్నదానికి మందు వేయడం మనకు తెలుసు. ప్రాణం ఆగినదానికి మళ్లీ ప్రాణం పోయడం ఎలాగో ఎక్కడైనా తెలుసుకున్నారా?

తెలుసుకున్నారు. దాని కోసం మనం కాసేపు సముద్రాలు దాటి వేల్స్ సీమకు వెళ్లాలి.

అక్కడ టాలిల్లిన్ అని పలకరాళ్లు మోసే చిన్న కొండరైలు ఒకటి వుంది. పట్టాల మధ్య రెండడుగుల మూడంగుళాలే. పొడుగు ఏడుమైళ్లు. 1950లో దాని యజమాని హేడన్ జోన్స్ మరణించాడు. లైను మూతపడుతుందనే అందరూ అనుకున్నారు. అప్పుడు ఎల్.టి.సి. రోల్ట్ అనే రచయిత మరికొందరిని పోగుచేసి, ఆ ఏడు అక్టోబరులో బర్మింగ్‌హాములో సభ పెట్టాడు. గుమాస్తాలు, బడిపంతుళ్లు, దుకాణదారులు – సెలవు దొరికితే వచ్చి పట్టాల మధ్య గడ్డి పీకుతామనీ, బొగ్గు ఎత్తుతామనీ, టిక్కెట్లు చింపుతామనీ ముందుకు వచ్చారు. మన మాటల్లో చెప్పాలంటే శ్రమదానం! 1951 మే 14న వారి మొదటి బండి కదిలింది. లాగింది డోల్‌గోచ్ అనే 1866 నాటి ముసలి ఇంజను. ఆ ఏడంతా పనికొచ్చే ఇంజను అదొక్కటే. స్వచ్ఛంద సేవకులు నడిపిన రైల్వేలలో ప్రపంచంలో అదే మొదటిది. పిల్లలు మెచ్చే థామస్ ఇంజను కథలు రాసిన ఆడ్రీ పాదిరీ గారు కూడా 1952లో అక్కడ వాలంటీరుగా పనిచేశారు.

అదే 1951 నవంబరు 5న మన దగ్గర నిజాము రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. ఒకచోట ఒక చిన్న రైలును ప్రజలు చేతుల్లోకి తీసుకున్నారు. ఇంకోచోట ఒక పెద్ద రైలు దేశం చేతుల్లోకి వెళ్లింది. దేశానికి సరుకులు మొయ్యాలి, జనాన్ని మొయ్యాలి. పాత ఇంజను మీద ముద్దు పెంచుకునే తీరిక దానికెక్కడిది? 1992లో మీటరు గేజీ అంతా పెద్ద లైనుగా మార్చాలని సంకల్పించారు. ఆ దశాబ్దంలోనే పాలమూరు చిన్నబండి కథ ముగిసింది. అందుకు విచారించవలసింది లేదు. గేజీ మారబట్టే ఇవాళ వలసకూలీ కొడుకు చదువుకోవడానికి బెంగుళూరుకు ఒక్క బండిలో వెళుతున్నాడు.

అయితే వేల్స్‌లో వెలిగిన నిప్పు అక్కడితో ఆగలేదు. బారీ అనే రేవులో వుడ్‌హాం సోదరుల ఇనపసామాను అడితీకి 297 ఇంజన్లు తుక్కుగా చేరాయి. 1968 మొదలు 1990 దాకా అభిమానులు చందాలు పోగుచేసి అందులో 213 ఇంజన్లను కొనుక్కుపోయారు! మరికొందరు ఇంకా ముందుకు పోయారు. ఏ-1 అనే తరగతి ఇంజన్లు 49 వుంటే 1966 నాటికి అన్నీ తుక్కయ్యాయి. సరే, కొత్తదే చేద్దామని 1994లో పని మొదలుపెట్టి 2008లో 'టోర్నెడో'ను పట్టాలెక్కించారు. ఒక్కొక్కరు వారానికి ఒక గ్లాసు బీరు ధర ఇస్తే చాలన్నారు. మన లెక్కలో రెండు కప్పుల కాఫీ అనుకోండి.

ఇక అసలు పని ఎలా చేస్తారో వినండి. ముందు ఇంజనును ముక్కముక్కగా విప్పుతారు. ప్రతి ముక్కకూ అంకె వేస్తారు, ఫొటో తీస్తారు. బాయిలరును చట్రం మీదనుంచి ఎత్తుతారు. లోపలి గొట్టాలన్నీ ఊడదీస్తారు. రేకు ఎక్కడ పలచబడిందో కొలిచి చూస్తారు. కొత్త గొట్టాలు వేశాక, బాయిలరు నిండా నీళ్లు నింపి, మామూలుగా పనిచేసే ఒత్తిడి కంటె ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. ఆవిరి వుండగా నీళ్లెందుకంటారా? నీళ్లయితే చీలిన చోట కారి వూరుకుంటాయి. ఆవిరి అయితే మనుషులను పట్టుకుపోతుంది. ఆ పరీక్ష నెగ్గాకే నిప్పు. ఆ నిప్పు కూడా మెల్లగా, గంటల తరబడి రాజేస్తారు. చల్లటి ఇనుము ఒక్కసారిగా వేడెక్కితే అతుకులు విడుతాయి. చంటిబిడ్డకు నీళ్లు పోసినంత ఓపికగా చెయ్యాలి.

మన దేశంలో ఈ పని బొత్తిగా జరగలేదనడం అన్యాయం. మైక్ సాటో అనే ఇంగ్లీషాయన, ఇక్కడ ఐ.సి.ఐ. కంపెనీలో పెద్ద ఉద్యోగి, దేశమంతా తిరిగి పాత ఇంజన్లను వెతికి పట్టాడు. 1977 ఫిబ్రవరి 1న తెరిచిన ఢిల్లీ రైలు మ్యూజియం వెనక ఆయన కృషి వుంది. అక్కడున్న పటియాలా ఒంటిపట్టా రైలు 1927లో మూతబడింది. దాని ఇంజనుకు అమృతసరం వర్కుషాపువారు మళ్లీ ప్రాణం పోశారు. 1855లో తయారైన 'ఫెయిరీ క్వీన్'ను మద్రాసు పెరంబూరులో బాగుచేస్తే 1997లో అది ఢిల్లీ నుంచి ఆల్వారుకు యాత్రికులను మోసింది. హర్యానాలోని రేవాడీ షెడ్డులో ఆవిరి ఇంజన్లను వేడిగా వుంచుతున్నారు. 1999లో అభిమానుల సంఘం కూడా ఒకటి ఏర్పడింది.

కాని ఇవన్నీ జీతం తీసుకునే నిపుణుల చేతిపని. బడిపంతులు బొగ్గుపార పట్టుకునే ముచ్చట మన దగ్గర ఇంకా రాలేదు. సికిందరాబాదు లాలాగూడలో 1893 నుంచి వర్కుషాపు వుంది. చేతి నేర్పుకు కొరత లేదు. అయినా మన వైపు మిగిలిన ఆవిరి ఇంజన్లలో ఎక్కువభాగం ఆఫీసుల ముందు, స్టేషన్ల బయట అరుగుల మీద నిలబడ్డాయి. ఏటా రంగు వేస్తారు. పండక్కి దీపాలు పెడతారు. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగుతారు. లోపల మాత్రం నిప్పుండదు, నీళ్లుండవు. అది ఇంజను కాదు, ఇంజను విగ్రహం.

విగ్రహానికీ దేవుడికీ తేడా ఎక్కడుందో అలంపురం చెప్పింది.

గద్వాల దగ్గర కృష్ణ దాటి అలంపురం రోడ్డు స్టేషనులో దిగాను. అప్పటి పాలమూరు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలో వుంది. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయాలు చూశాక, ఊరి అంచున వున్న సంగమేశ్వరాలయానికి వెళ్లాను. ఈ గుడి పుట్టింది ఇక్కడ కాదు. కృష్ణాతుంగభద్రలు కలిసే కూడవెల్లిలో. శ్రీశైలం జలాశయం నీళ్లు ముంచెత్తబోతుంటే, గుడిని రాయి రాయికీ అంకె వేసి విప్పి, ఇక్కడికి తెచ్చి, మళ్లీ పేర్చారు. నాగార్జునకొండలోనూ అదే పని జరిగింది. సాగరు నీళ్లు రాకముందే బౌద్ధుల కట్టడాలను కొండమీదికి చేర్చారు.

ఇంజను విప్పే పద్ధతీ ఇదే కదా! ముక్కముక్కకూ అంకె, ఒకటి తప్పితే అన్నీ తప్పు. పన్నెండు వందల ఏళ్లకు పైబడిన గుడిని విప్పి కట్టగలిగిన సీమకు ఒక ఇంజను లెక్కా?

గుడి లోపలికి వెళితే దీపం వెలుగుతోంది. ఒక ముసలమ్మ కొబ్బరికాయ పట్టుకుని ప్రదక్షిణం చేస్తోంది. రాళ్లు తెచ్చిన ఇంజనీర్లు గోడలు నిలబెట్టారు. కాని దాన్ని గుడి చేసింది, దీపం ఎలా పెట్టాలో తెలిసిన చెయ్యి. ఆ చెయ్యి తండ్రి దగ్గర నేర్చింది, ఆ తండ్రి తన తండ్రి దగ్గర. గొలుసు తెగలేదు.

పొగబండికి తెగబోతున్నది ఆ గొలుసే. ఇనుముకు తొందర లేదు. తుప్పు పట్టిన ఇంజను ఇంకో యాభై ఏళ్లు ఆగగలదు. రేకు పోతే రేకు వెయ్యవచ్చు, గొట్టం పోతే గొట్టం వెయ్యవచ్చు. డబ్బు వుంటే టోర్నెడోలాగా మొత్తం కొత్తదే చెయ్యవచ్చు. కాని మంట రంగు చూసి ఆవిరి కొలిచే కన్నూ, కళ్లు మూసుకుని ఎక్కడికొచ్చామో చెప్పే చెవీ ఏ వర్కుషాపులోనూ పోతపొయ్యరు. ఆవిరి ఇంజను మీద చివరిగా చేరిన కుర్రవాళ్లు కూడా ఇవాళ పింఛను తీసుకుంటున్న తాతలు. వారితో పాటే ఆ విద్యా వెళ్లిపోతుంది.

కాబట్టి నా మనవి చిన్నది. మనం ఇంజను కొనలేం. కొన్నా పెరట్లో కట్టెయ్యలేం. శ్రమదానానికి మొదటి తట్ట ఇనుము కానక్కరలేదు, మాట అయినా చాలు. కాజీపేటలోనో, లాలాగూడలోనో, గుంతకల్లులోనో, మీ వీధి చివరనో, ముంజేతి మీద కాలిన మచ్చలున్న పెద్దమనిషి ఒకరు వుండే వుంటారు. ఈ ఆదివారం ఆయన్ను పిలిచి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. నీళ్లు ఎక్కడ పట్టేవారో, ఎక్కుడు మీద ఎన్ని పారలు వేసేవారో, వానలో చక్రం జారితే ఏం చేసేవారో అడగండి. మీ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టి, ఆ ఫోను ఆయన ముందు పెట్టి, చెప్పింది చెప్పినట్టు పట్టమనండి. రేపు ఎవరైనా ఒక ఇంజనులో నిప్పు రాజెయ్యాలని తలపెడితే, వారికి మొట్టమొదట కావలసింది ఆ మాటలే.